ఏడో నెంబరు

గ్రౌండులో నన్ను సార్ అనమని
నేనే చెప్తి.
నాయనా అంటే
మిగతా పదకొండు మంది ఏమనుకుంటారో అని.

తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీల ఎనక
ఎండిన బండపిండిని గోనెసంచిలో మోసుకొచ్చి
దాంతోనే గీస్తాం మా ఖోఖో కోర్టు.
సున్నం కొనే దుడ్లు మా స్కూల్లో ఎప్పుడుండె?
ఆట అయినాక పిల్లలందరివీ ఒకే రంగు మోకాళ్ళు.
ఎవరి బిడ్డ ఎవరో చెప్పలేం.
గేటుకాడ నిలబడినోళ్ళు మాత్రం చెప్తారు.
"మద్దిలేటి సార్ బిడ్డ కదబ్బా, తీసుకోకుండా ఉంటాడా"
అని కుళ్ళాయప్ప ఒకసారి
చెనిక్కాయ పొట్టు ఊదుకుంటా అనె.
గట్టిగా కూడా అనలే.
ఆ పొట్టు రెండేండ్లుగా నా కంట్లోనే ఉంది.

అందుకే
రమీజా తప్పు చేస్తే రెండు రౌండ్లు,
చౌడేశ్వరి చేస్తే ఐదు.
ఇంకెవరు పడినా "దెబ్బ తగిలిందా" అని,
నా బిడ్డ పడితే "లెయ్యి".
పేరు కూడా పిలవలే. ఏడో నెంబరు, అంతే.
న్యాయం చేస్తాండాననుకుంటి.
ఇంట్లో లక్షుమ్మ
దాని మోకాలికి పసుపు పూస్తా పూస్తా
నా పక్క చూడకుండానే అడిగె:
"కాటా నీ చేతిలోనే ఉంది కదా,
మన బిడ్డ పక్కనే రాయి ఎక్కువేస్తావెందుకు?"

అనంతపురంలో ఫైనల్.
ఆఖరి టర్ను. ఒక్క అవుటు వస్తే సమానం.
చౌడి డైవు కొట్టి అందుకునె,
కాలు మధ్యపట్టీ దాటిందని అంపైరు విజిలేసె.
నేను చూసినా. దాటలే.
పోయి అడగాల్సినోన్ని నేనే.
బిడ్డ కోసం కొట్లాడినాడంటారని
నా విజిలు పంటి కింద కరుచుకొని నిలబడితి.
వేరే పిల్లయింటే
స్కోరు టేబుల్ ఎక్కి అరిచుందును.

పల్లెవెలుగు బస్సులో పిల్లలు ఏడ్చి ఏడ్చి పండుకొనిరి.
తను పండుకోలే. ఏడవలే.
ముందు సీట్లోంచి తిరిగి బెల్లమూ చెనిక్కాయలూ ఇస్తే
"వద్దు సార్" అనె.
సరే, టీమంతా ఉంది కదా అనుకుంటి.
రాత్రి ఇంట్లో,
"సార్, అమ్మ అన్నానికి రమ్మంటాంది."
పొద్దున,
"సార్, స్కూటర్ తాళం."
తొమ్మిది దినాలు.
మా చిన్నోడు కూడా సార్ అనడం మొదలుపెట్టె.
ఆ ఒక్కదానికి లక్షుమ్మ నవ్వె. నేను నవ్వలేకపోతి.

ఈ పొద్దు ఐదుకే లేస్తే మంచం ఖాళీ.
పోయి చూస్తే గ్రౌండులో
గీతలన్నీ కొత్తగా గీసుండాయి,
పిండి ఇంకా గాలికి లేస్తాంది.
ఐదో గడిలో ఒక్కతే కూచోనుంది,
వేళ్ళు నేలకానించి, వీపు నా పక్క.

ఏ పేరు పెట్టి పిలవల్ల?
చెప్పులిడిచి, నలభై నాలుగేండ్ల మోకాళ్ళతో
పోలు కాడి నుంచి ఉరికితి.
వీపు మీద చేయి ముందు పడె,
మాట గొంతులో ఒక గింజంత లేటయ్యె.
ఖో.

లేచి పోయె. తిరిగి చూడలే.
చూడగూడదని నేర్పింది నేనే.
తట్టినోడు
లేచినోళ్ళ చోట కూచోవల్ల, అదీ నేనే నేర్పింది.
కూచుంటి.

నేను ఆడింది వాలీబాలు.
ఇరవై ఏండ్లు గీత బయట నిలబడి అరిచినోన్ని.
ఈ గడిలోంచి ఏమీ కనపడదని
తెలియనే తెలియదు.
ఎదురుగా ఫ్యాక్టరీ గోడ,
బండ కోసే రంపం అప్పుడే మొదలైన చప్పుడు.
ఎనక ఎవరొస్తాండారో, ఎంత దూరంలో ఉండారో,
తడతారో, దాటిపోతారో,
వీపొక్కటే చెవి.

అవతల పోలు తట్టిన శబ్దం.
అడుగులు తిరిగినాయి.
మోకాలి కింద బండపిండి చల్లగా ఉంది.